ఎర్ర తువ్వాలు

కవీతె పట్టణంలోని ఆ రేకుల ఇంట్లో మెర్లిండాకి బట్టల అల్మారాయే కాల్‌సెంటర్ ఆఫీసు. తలుపులు బార్లా తీసి, వేలాడే గౌన్ల మధ్య తల దూర్చి, ఆస్ట్రేలియా వాళ్ల కరెంటు బిల్లుల గొడవలు వింటుంది. గుడ్డలు చప్పుణ్ణి మింగేస్తాయని ఆమె నమ్మకం. ఫోనులో ఆమె పేరు గ్రేస్. మోత వినబడకూడదని ఫ్యాను ఆపేస్తుంది. చెమట మెడ మీంచి చొక్కాలోకి కారుతున్నా గొంతులో తేనె తగ్గదు. పిల్లల ఏడుపు అవతలికి వినబడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే అల్మారా తలుపుకి ఎర్ర తువ్వాలు కట్టిందంటే నాలుగేళ్ల కొడుకు ఇస్కో నోరెత్తకూడదు. "ఆ తువ్వాలేదో నా పుంజుకీ చూపించవే అమ్మాయ్, కూయడం మానుతుందేమో!" అని పక్కింటి పాసింగ్ అవ్వ వెక్కిరిస్తుంది.

ఆ పూట ఫోనులో ఎవరో పెద్దాయన విసుక్కుంటుండగా మెర్లిండా ఎందుకో వెనక్కి చూసింది. అప్పుడే దించిన అల్లం గంజి నేలంతా ఒలికిపోయి ఉంది. ఇస్కో చెయ్యి కందిపోయింది. వాడు నోరంతా తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా ఏడుస్తున్నాడు. చప్పుడే లేదు. "ఇంకేమైనా సాయం కావాలా సార్?" అని అదే తేనె గొంతుతో అడిగి, ఆయన అక్కర్లేదనేదాకా ఆగింది. అప్పుడు తలుపుకున్న తువ్వాలు లాగి, చన్నీళ్లలో ముంచి వాడి చేతికి చుట్టింది. "అయిపోయిందిరా నాన్నా, ఇంక ఏడువు. గట్టిగా ఏడువు," అంది. ఇస్కో చేతికున్న ఎర్ర తువ్వాలు వంక చూశాడు. రెండో చేత్తో నోరు మూసుకున్నాడు.