అవ్వ దగ్గర నేర్చిన శోకం

హాస్యం గొప్ప మందని చెప్పమంటూ నన్ను సభలకు పిలుస్తారు. వింటేనే ఒళ్లు మండుతుంది.

అరవైల్లో, బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికే కాలంలో, మా నాటకాలకు జనం విరగబడి వచ్చేవారు. నాది మొగుడు చచ్చిన పెళ్లాం వేషం. శవం పక్కన కూర్చుని, గుండెలు బాదుకుంటూ, పోయినవాడి గుణాలన్నీ రాగం తీసి ఏడవాలి. ఆ రాగం, ఆ తల ఊపడం నన్ను కన్న అవ్వవి. రెంజల్‌లో ఎవరింట చావు జరిగినా శోకం ఎత్తుకోవడానికి ఆమెనే పిలిచేవారు. దాన్నే నేను నవ్వులాట చేశాను. అవ్వ ఒకసారి వచ్చి చూసింది. నవ్వలేదు, తిట్టలేదు.

జనం నవ్వుతుంటే, ఆ నవ్వు తగ్గేదాకా తరువాతి మాట అనకూడదు. వేషాలు కట్టిన కొత్తలోనే నేర్చుకున్న పాఠమిది.

అవ్వ పోయిన రోజు ఆమె తల దగ్గర కూర్చున్నాను. నాకు వచ్చిన శోకం అదొక్కటే.

“ఓ అవ్వా, నన్ను ఎవల చేతుల పెట్టి పోయినవే!”

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కామె ఆపుకోలేక కిసుక్కుమంది. ఆ నవ్వు గుమ్మం దాకా పాకింది. మా పెద్దమ్మ వాళ్లను ఏమీ అనలేదు, నా మీద పడింది.

“నీకు సిగ్గులేదానె? అవ్వ పీనుగు ముంగట గూడ యేషాలేనా?”

నిజంగానే ఏడుస్తున్నానని చెప్పాల్సింది. కానీ నవ్వు తగ్గేదాకా ఆగి, తరువాతి మాట అందుకున్నాను.