జీపు టైర్లకు తలస్నానం

మొన్న ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు కారు టైర్లు తోముతుంటే తడి రబ్బరు వాసన గుప్పుమంది. మీకూ గుర్తుందా, దసరా పొద్దున బండి కడిగే సందడి?

నా చిన్నప్పుడు మా బాపు మంచాల ఊరికి ప్యాసింజర్ జీపు నడిపేవాడు. ఓ దసరాకు, పూజలో టైర్లు మెరవాలని అమ్మ దాచుకున్న కొబ్బరినూనె సీసా మొత్తం నేను వాటికి పూసేశాను. నిగనిగలాడాయి! నిమ్మకాయలు తొక్కించి, బాపు ఒక్క ట్రిప్పు కొట్టి వచ్చేసరికి నాలుగు టైర్లకూ ఎర్రమట్టి మందంగా పట్టింది.

దెబ్బలు ఖాయమనుకున్నాను. బాపు నా దోసిట్లో కుంకుడుకాయలు పోశాడు.

"నూనె పెట్టినవ్ గదా బిడ్డా, ఇగ తలకు గూడ నువ్వే పొయ్యి!"

పోశాను. జిడ్డంతా వదిలింది.

మొన్న పక్కింటాయన పాలిష్ సీసా పట్టుకొచ్చాడు. అది పూసిన ఆయన టైర్లకూ మట్టి మందంగా పట్టి ఉంది. "ఇది పూయి చెల్లె, మస్తు మెరుస్తది."

"ముందు నీ బండికి తలకు పొయ్యి అన్నా," అని నా కుంకుడు నురుగు బకెట్ ఆయన ముందుకు జరిపాను.