ఖాలా మా వరుసలో నిలబడింది

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నం బడిలో చదువంతా ఉర్దూలోనే. నిజాం రోజులు కదా మరి! ఇంట్లో తెలుగు తప్ప ఎరగని నాకు నల్లబల్ల మీది అక్షరాలు ఓ పట్టాన అంతుచిక్కేవి కావు. పైగా మా బడిలో ఓ దిక్కుమాలిన పద్ధతి ఉండేది. జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాళ్లందరినీ వరుసగా నిలబెట్టి చెంపలు వాయించాలి. మా సారు చెడ్డవాడు కాదు. తానూ అలాగే చదువుకున్నాడు, అంతే.

జవాబులన్నీ పటేలు కొడుక్కే వచ్చేవి. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. నా దగ్గరికొచ్చేసరికి మరీ కసిదీరా కొట్టేవాడు. ఓ రోజు నా చెవిలోంచి రక్తం కారింది. చచ్చినా బడికి పోనని మర్నాడు మొండికేశాను. "పోకుంటె గొడ్లెంబడి పో" అని మా బాపు తేల్చేశాడు. చదువుకోవాలని ఉంది, బడంటే వణుకు. గోడవారన కూర్చుని ఏడ్చాను.

పక్కింట్లో బొంతలు కుట్టుకుని బతికే ముసలమ్మను ఊరంతా ఖాలా అనేది, అంటే ఉర్దూలో పిన్నమ్మ అని. ఆమె నా చెవి చూసి, సంగతంతా విన్నది. "లే బేటా, నడువ్. నేనొస్త" అని నా చెయ్యి పట్టుకుని నేరుగా తరగతిలోకే తీసుకెళ్లింది.

అప్పటికే పటేలు కొడుకు నల్లబల్ల మీది వాక్యం చదివేసి, చదవలేనివాళ్లను నిలబెడుతున్నాడు. ఖాలా కేకలేస్తుందనుకున్నాను. అబ్బే! బల్ల వంక చూసి, "మా ఇంట్ల మాట్లాడే ఉర్దూనే గద సారూ, అయినా నాకు చదువరాదు" అంది. వచ్చి నా పక్కన వరుసలో నిలబడి, కొంగు సర్దుకుని, పటేలు కొడుకు వైపు చెంప తిప్పింది.

"రా బిడ్డా, నన్ను గూడ కొట్టు."

వాడి చెయ్యి లేవలేదు. "నిన్నెట్ల కొడ్త ఖాలా?" అని గొణిగాడు.

"మరి గీ పోరన్ని ఎట్ల కొడ్తున్నవ్? నీకొచ్చు గద, జర నేర్పియ్యరాదు!"

సారు తల దించుకున్నాడు. ఇక నుంచి వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చుని నేర్పాలన్నాడు. పటేలు కొడుకు మొహం మాడ్చుకునే నా పక్కన చేరాడు. అయినా నేర్పాడు, అది ఒప్పుకోవాలి. ప్రాణస్నేహితులమేం కాలేదు గానీ, నా మీద మళ్లీ చెయ్యి పడలేదు, నా చదువూ ఆగలేదు.

తర్వాత నేనూ పంతులునయ్యాను. కోపిష్టివాణ్ణి, ఎన్నోసార్లు పిల్లల మీదికి చెయ్యి లేచింది. లేచినప్పుడల్లా ఆ పిల్లవాడి పక్కన ఖాలా వచ్చి నిలబడేది. ఆమెను దాటి ఏ ఒక్కణ్ణీ కొట్టలేకపోయాను.