బావగారి కుంటినడక

నడుం ఆపరేషన్ అయ్యాక నా ఎడంకాలికి మంట పట్టుకుంది. పంచె అంచు తగిలినా కారం రాసినట్టుండేది. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్న మా వియ్యంకుడికీ, గట్టు మీంచి జారిపడ్డాక, అదే జబ్బు. అమ్మాయి పెళ్ళికి జాతకాలు చూసినాయన మా ఇద్దరి నరాలు కూడా కలిపి చూసినట్టున్నాడు.

రెండువేల ఐదో ఆరో సంవత్సరం. వెన్నులో సన్నటి తీగ పెట్టి, కరెంటు పంపి నొప్పిని అణిచే మిషనుందని తెలిసి ఇద్దరం కలిసే హైదరాబాదు వెళ్ళాం. ముందు వారం రోజులు పరీక్ష. తీగ ఒంట్లో ఉంటుంది, కరెంటు పంపే డబ్బా మొలకి కట్టుకోవాలి. నొప్పి తగ్గితేనే బ్యాటరీని లోపల అమరుస్తారు. నాకు కాలంతా చీమలు పాకాయి గానీ, మంట ఎక్కడిదక్కడే ఉంది. పక్క మంచం మీద ఆయన మూడోనాటికే గుర్రుపెట్టి నిద్రపోయారు. ఆ గుర్రు వింటుంటే నాకు కడుపు రగిలిపోయింది. డాక్టరు నా తీగ తీసేశారు. ఆయనకి తుంటి పైన, చర్మం కింద బ్యాటరీ పెట్టారు.

ఆ తరవాత ఆయన రాజోలులో మా ఇంటికి ఎప్పుడొచ్చినా కాలు ఈడుస్తూనే వచ్చేవారు.

“అంత గుణం కనపళ్ళేదండి బావగారూ. ఏదో నెట్టుకొస్తన్నానండి, ఆయ్.”

నాకెంత హాయిగా ఉండేదో! ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినేవాణ్ణి.

“ఆయన కుంటుతుంటే మీ మొహంలో ఆ వెలుగేంటండీ?” అనేది మా ఆవిడ.

ఒకసారి కబురు చెయ్యకుండా వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన పనివాళ్ళని కేకలేస్తూ చెరువు గట్టు మీద చకచకా నడిచిపోతున్నారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఒక్క క్షణం ఆగారు. అక్కణ్ణించి కుంటడం మొదలుపెట్టారు.

“గబగబా ఎదురు రాలేకపోతన్నానండి, ఏవనుకోకండి.”

“పర్లేదండి బావగారూ. మెల్లిగానే రండి,” అన్నాను.

గట్టు పొడుగునా ఆయన కుంటుతూ వచ్చారు. నేను నిలబడి చూశాను. నా మనసు కష్టపడుతుందని ఇన్నాళ్ళూ లేని నొప్పి నటించారు. అమ్మాయిని కూడా నిజం చెప్పనివ్వలేదన్నమాట. ఇంకొకరైతే ఆ మంచితనానికి దణ్ణం పెట్టేవారు. నాకు ఒళ్ళు మండింది. నొప్పి పోయినందుకు ఆయన మీద అసూయ ఎటూ ఉంది. ఇప్పుడు ఆ కుంటినడక మీద కూడా పుట్టింది. నేను వీధి మలుపు తిరగ్గానే ఆయన దాన్ని మానెయ్యగలరు.