షాంపూ తాగిన సున్నపురాయి

ఆఫీసులో అందరూ ఆయన్ని రుచి మాస్టారు అనేవారు. చమురు బావులు తవ్వేటప్పుడు భూమి అడుగు నుంచి కడ్డీల్లా పైకి తీసిన రాళ్ళను భద్రపరిచే గది ఒకటుండేది. దానికి ఆయనే కాపలా, ఆయనే పెత్తనం. రాయి చేతికి రాగానే నాలుక చివర ఆనించడం ఆయన అలవాటు. తడి తగిలితే రాతిలోని సన్న చిల్లులు కంటికి ఆనుతాయి. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా అంతో ఇంతో నాకేవాళ్ళే. కాకపోతే మిగతావాళ్ళు అటూ ఇటూ చూసి నాకుతారు; ఈయన భోజనానికి కూర్చున్నంత నిమ్మళంగా నాకేవాడు.

"నాలుక మీద బతికేది వకీళ్ళే అనుకున్నాను. మా అల్లుడు దాంతో ఒక్క మాటైనా ఆడకుండానే బతికేస్తున్నాడు" అనేది అత్తగారు. కూతుర్ని చూసి పోదామని వచ్చిన ఆవిడ, మడమల పగుళ్ళు తగ్గితే గానీ ప్రయాణం చెయ్యలేనని మకాం పెట్టేసింది.

ఆ రాళ్ళ గది అంటే ఆయనకు ప్రాణం. అంతకు ముందొక ముక్క ఎక్కడో తప్పిపోతే పెద్దాఫీసరు పిలిచి మెత్తగానే చెప్పాడు. "ఇంకో రాయికి ఏమైనా అయిందో, మిమ్మల్ని క్యాంటీన్లో టోకెన్ల కిటికీ దగ్గర కూర్చోబెడతాను." రుచి మాస్టారికి ఆ కిటికీ కలలోకి కూడా వచ్చేది. అందులో నాకడానికి ఏమీ ఉండేది కాదు.

అటువంటి సమయంలో కొత్త బావిలోంచి ఒక సున్నపురాయి వచ్చింది. పిడికిలికి సరిపోయేంత ముక్క, ఒళ్ళంతా చిల్లులు, ముక్కు దగ్గర పెడితే దీపం నూనె లాంటి వాసన. ఆ బావిని ఇంకా లోతుకు తవ్వాలో మూసెయ్యాలో మర్నాడు ఆ రాయిని చూసి తేల్చాలి. సరిగ్గా ఆ సాయంత్రమే వాన కురిసి రాళ్ళ గది కప్పు కారడం మొదలుపెట్టింది. ఆయన రాయిని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. గాలి బాగా తగులుతుందని స్నానాల గది కిటికీలో పెట్టాడు. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారి రాయి చేతికి తీసుకుని, అలవాటు కొద్దీ నాలుక ఆనించాడు. నిమ్మకాయ రుచి!

"ఏమే! దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

భార్య నోరు తెరిచే లోపే అత్తగారు గుమ్మంలోకొచ్చి పాదం ఎత్తి చూపించింది. "నేనే. నువ్వు తెచ్చినవాటిలో ఇంటికి పనికొచ్చింది ఇదొక్కటే, అల్లుడూ. నీ పెళ్ళాం షాంపూ వేసి రుద్దానా, మడమలు చూడు, అద్దాలు!"

"అది చమురు రాయి అత్తయ్యా!"

"రాతిలో చమురేమిటి? నా చెవిలో పూలు పెట్టకు."

"ఒకప్పుడు సముద్రం అడుగున సున్నపు బురదలో సన్న సన్న జీవాలు చచ్చి కూరుకుపోయాయి. భూమి వేడికి ఉడికి నూనయ్యాయి. ఆ నూనె ఇలాంటి రాళ్ళ చిల్లుల్లో దాక్కుంటుంది."

"అయితే నా కాళ్ళకి చచ్చిన పురుగుల నూనె రాశావా?"

"నేనెక్కడ రాశాను! పురుగులు కూడా కావు, ఎక్కువ భాగం నాచు."

"నాచా? అందుకే ఇంత మెత్తబడ్డాయి" అని ఆవిడ శాంతించింది.

ఆయన రాయిని కుళాయి కింద పెట్టాడు. కడిగేకొద్దీ నురగే. కోట్ల ఏళ్ళు చమురుని పట్టి ఉంచిన రాయి, షాంపూని మాత్రం ఊరికే వదులుతుందా? అలాగే తువ్వాల్లో చుట్టి ఆఫీసుకు పరుగెత్తాడు.

పెద్దాఫీసరు బల్ల మీద రాయి పెట్టి ఒక్క చుక్క యాసిడ్ వేశాడు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుసమని పొంగడం మామూలే. ఇది మాత్రం పొయ్యి మీద మరిచిపోయిన పాలలా పొంగింది. నురగ బల్ల అంచు దాటి ఆఫీసరు చొక్కా మీదికి జారింది. గదంతా నిమ్మకాయ వాసన.

"ఇదేమిటండీ?" అన్నాడు ఆఫీసరు, నురగ వైపే చూస్తూ.

రుచి మాస్టారికి టోకెన్ల కిటికీ కళ్ళ ముందు కదిలింది. అబద్ధం ఒక్కటీ తోచలేదు.

"మా అత్తగారండి" అన్నాడు.

జరిగిందంతా చెప్పాడు. ఆఫీసరు సుత్తి తీసుకుని రాయిని ఒక్క దెబ్బ కొట్టాడు. రాయి రెండైంది. రుచి మాస్టారు తన స్థితి మరిచి, ముందుకు వంగి కొత్త ముఖానికి నాలుక ఆనించేశాడు.

"ఏమంటోంది?"

"షాంపూ పైపైనే ఆగిపోయిందండి. లోపలంతా చమురే."

ఆఫీసరు భూతద్దం పెట్టి చూశాడు. చిల్లు చిల్లులోనూ గోధుమ రంగు మెరుపు. తలెత్తాడు.

"బావి తవ్వుదాం. మీరు మీ గదికి వెళ్ళండి, ముందు ఆ కప్పు బాగు చేయించండి. ఈ షాంపూ ముక్క మాకు దేనికీ పనికిరాదు. ఆవిడకే ఇచ్చెయ్యండి."

సాయంత్రం ఆ ముక్కని అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ తిప్పి తిప్పి చూసి, విరిగిన అంచు మీద వేలు రాసింది. పెళ్ళైన నాటి నుంచి మొదటిసారి అల్లుడి ఉద్యోగం గురించి మర్యాదగా మాట్లాడింది.

"బాగానే ఉంది గానీ, కాస్త గుచ్చుకుంటోంది. ఈసారి ఇంకొంచెం లోతులోది చూసి పట్రా బాబూ."