తెల్లగుడ్డ కట్టిన కుండ

మా వీధికి చేపలు తెచ్చే ఆమెది సోమశిల. ఈ ఎండాకాలం ఒకనాటి ఉదయం బుట్ట దించుతూనే, బేరం సంగతి పక్కన పెట్టి, "మీ ఊరు బయటపడుండాదమ్మా, చర్చి గోడలు గూడా కనపడతా ఉండాయి, పొయ్యి చూసుకోని రా" అని చెప్పింది. ఆమె తేలిగ్గానే చెప్పింది గానీ, నా చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. డ్యాము కట్టినప్పుడు పెన్న నీళ్ల కిందికి పోయిన ఊరు మాది. నీళ్లు బాగా తగ్గిన ఏడాది మొండిగోడలు పైకి వస్తాయి, వానలు పడగానే మళ్లీ మునిగిపోతాయి. ఆత్మకూరులో ఇల్లు కట్టుకుని, టీచరు ఉద్యోగం ముగించుకుని, ముసలిదాన్నయ్యాక కూడా ఆ కబురు విన్న రోజు నాకు ఇంటిపని సాగదు.

మాది బాప్టిస్టుల కుటుంబం. మా అవ్వ పొద్దున లేచి బైబిలు ముట్టనిదే మంచినీళ్లు కూడా తాగేది కాదు. అట్లాంటి తల్లికి పుట్టిన మా నాయన నాస్తికుడు. ఉదయగిరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చేవాడు, ఆదివారం మేమంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి బయలుదేరుతుంటే తీరిగ్గా అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు. అయ్యగారు, అంటే మా పాస్టరు, మంచి మనిషి, ఆరాధన ముగిశాక కోపం లేకుండా వచ్చి ఆ అరుగు మీదే కూర్చునేవారు. నాయన ఆయన్ని ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. అసలేమీ లేకుండా ఉండి ఉండొచ్చు కదా, ఈ ఉదయగిరి కొండా, ఆ నక్షత్రాలూ, మనమూ ఎందుకున్నట్టు అని. దేవుడు చేశాడని అయ్యగారంటే, మరి ఆ దేవుడు మటుకు ఎందుకున్నాడని ఇంకో మెలిక వేసేవాడు. ఉండేదాన్ని ఉండనీరా, నీ సొమ్మేం పొయ్యిందని అవ్వ లోపల్నుంచి కసిరేది. నేనూ వీధి పిల్లలూ నవ్వుకునేవాళ్లం. ఆ ప్రశ్న మాకు ఆదివారం కోడికూరలాంటిది, వారం వారం తప్పకుండా వచ్చేది, తిన్నవాళ్లందరికీ సుఖంగా అరిగిపోయేది.

నాకొక చెల్లెలు ఉండేది. పాప అనే పిలిచేవాళ్లం. నాయన సుద్దముక్కల పెట్టెలో చింతగింజలు దాచడం దానికి సరదా, సోమవారం క్లాసులో పెట్టె తెరవగానే గింజలు జలజలా రాలి పిల్లలంతా నవ్వారని నాయన ఎంత గొప్పగా చెప్పుకునేవాడో. మూడేళ్లు నిండీ నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. ఆ దుఃఖంతోనే ఆయన దేవుణ్ణి వదిలేశాడని ఊళ్లో అనుకునేవారు, అది నిజం కాదు, అంతకు చాలా ముందే వదిలేశాడు. పాప పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు ఆయనే, ప్రార్థన మాత్రం చేయలేదు. పాపను ఏటి ఒడ్డున సమాధుల తోటలో పెట్టారు.

కొన్నేళ్లకు డ్యాము నీళ్లు వస్తున్నాయని ఊరు ఖాళీ చేయమన్నారు. తలుపులూ దూలాలూ పీక్కుని బండ్లకెత్తుకున్నట్టే, మావాళ్లు తమ మనుషులను కూడా వెంట తీసుకుపోవాలనుకున్నారు. ఎవరి సమాధి వాళ్లు తవ్వుకుని, దొరికిన ఎముకలు కొత్త కుండలో పెట్టి, మూతికి తెల్లగుడ్డ కట్టి, కొత్త కాలనీ సమాధుల తోటలో అయ్యగారి చేత ప్రార్థన చేయించి మళ్లీ పూడ్చుకునేవారు. అక్కడ ఏమీ మిగిలి ఉండదు, ఆ ఏటి తడిమట్టిలో పసిబిడ్డ ఎముకలు నిలవవని నాయన అమ్మకు నచ్చచెప్పబోయాడు. ఎన్నడూ ఎదురు చెప్పని మా అమ్మ గడప మీద కూర్చుండిపోయింది. "పాప రాందే నేను రాను. ఎవురన్నా పొయ్యి తేండి, లేకుంటే నన్ను గూడా ఈడే ముంచండి" అన్నది.

నాయన గడ్డపార తీసుకుని ఒక్కడే పోయాడు, తోడు వస్తామన్న వాళ్లను వద్దన్నాడు. ఎండ నెత్తికెక్కిన వేళకు తెల్లగుడ్డ కట్టిన కుండతో తిరిగివచ్చాడు. అమ్మ కాలనీకి పోయేదాకా బండిలో దాన్ని ఒడిలోనే పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టింది. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నాయన తలవంచుకుని నిలబడ్డాడు. అది చూసి ఊరంతా తప్పిపోయిన మనిషి తిరిగివచ్చాడని సంతోషపడింది. అంతకంటే వింత, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అమ్మ వెంట చర్చికి వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేవాడు. అరుగు మీద వాదన ఆగిపోయింది. అడిగే నోరు మూతపడేసరికి అయ్యగారికే ఏమీ తోచేది కాదు.

అమ్మ పోయాక నాయన చర్చికి పోవడం మానేసి నా దగ్గరికి, ఆత్మకూరుకు వచ్చేశాడు. ఒక మధ్యాహ్నం సోమశిల డ్యాము చూడాలంటే తీసుకుపోయాను. కట్ట మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తూ, ఆ కుండలో మట్టి తప్ప ఏమీ లేదని, నేనడక్కుండానే చెప్పాడు. శవపెట్టె చెక్క కూడా దొరకలేదట. ఏమీ ఉండదని తనకు ముందే తెలుసట, తెలిసి ఉండడం వేరు, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో వెతుక్కోవడం వేరు అన్నాడు. అంత మట్టి ఎత్తి కుండలో పోసుకుని వచ్చాడు. చర్చికి ఎందుకు వచ్చేవాడివని అడిగితే, కుండ ముందర ప్రార్థనకు తలవంచినవాణ్ణి, ఆ తర్వాత రాకుంటే మీ అమ్మకు కుండ మీద అనుమానం వస్తుందని వచ్చినానన్నాడు. ఆ వెంటనే ఆయన అన్న మాట ఇప్పటికీ నన్ను పడుకోనివ్వదు.

"పాప యాడికి పొయ్యిందని మీ అమ్మ అడగతా ఉండింది. దానికేముండాది, మట్టిలోకి పొయ్యింది. ఏమీ లేకుండా ఉండడం శానా సులువమ్మా. అట్టాంటిది, ఆ బిడ్డ మనింట్లో మూడేండ్లు ఎందుకుండింది? అది చెప్పేవోడు నాకు యాడా కనపడలా."

పోయేముందు నాయన కోరింది ఒకటే, తనను ఆ కుండ పక్కనే పూడ్చమని. ఇటు అమ్మ, అటు నాయన, మధ్యలో మట్టిని పూడ్చిన చోట పాప పేరు చెక్కిన రాయి. కొత్త పాస్టరు ప్రార్థన చేస్తే నేను కాదనలేదు, ఆమెన్ అనడానికి మాత్రం నోరు రాలేదు.

చేపలామె చెప్పాక నేనూ పోయివచ్చాను. నెర్రెలిచ్చిన బురదలో చర్చి గోడలు గుర్తుపట్టాను గానీ సమాధుల తోట ఎక్కడో తెలియలేదు, ఎక్కడ అడుగు వేసినా పాప మీద వేస్తున్నానేమో అని భయమేసి మధ్యలోనే వెనక్కి తిరిగాను. ఈ కాలపు పిల్లలు దేవుడున్నాడనీ పోట్లాడరు, లేడనీ పోట్లాడరు. మా మనవడికి నాయన ప్రశ్న చెబితే ఫోనులో చూసి ఏదో జవాబు చదివి వినిపించాడు, బాగానే ఉంది. అరుగూ లేదు, అయ్యగారూ లేరు, కసిరే అవ్వా లేదు. సుద్దపెట్టెలో చింతగింజలు దాచిన ఒక పిల్ల ఈ లోకంలో ఉండిందని తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. నేనూ పోయాక ఆ రాయి మీద పేరుంటుంది, కింద ఏమీ ఉండదు, ఎందుకుండిందని అడగడానికి కూడా ఎవరూ ఉండరు.