క్యారవాన్ కింద నాలుగు టైర్లు

టైర్ల విషయంలో నేను చాదస్తుణ్ణి. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కువైట్‌లో పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో డ్రైవరుగా ఉన్నవాడికి ఏదో ఒక చాదస్తం లేకపోతే పిచ్చెక్కుతుంది. సెలవు దొరికిన శుక్రవారం ఖైతాన్‌లో మా కడప వాళ్ల గదికి పోతే, అక్కడ ఒకాయన బియ్యం మూడుసార్లు ఏరేవాడు, ఇంకొకాయన అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డును, ఇఖామాను, రోజుకు పదిసార్లు తడిమి చూసుకునేవాడు. నాకు మాత్రం ధ్యాసంతా టైర్లలో గాలి మీదే. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా గాలి కొలిచే గేజి ఉండేది. మావాళ్లు ఎంత ఎగతాళి చేసినా నేను పట్టించుకోలేదు.

ఆ ఇల్లు అర్దియాలో ఉంది. ఇంటి యజమానిని బాబా అనీ ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం. చలికాలం వచ్చిందంటే అక్కడి కుటుంబాలన్నీ ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. బాబా గుడారంతో ఆగకుండా ఒక సెకండ్‌హ్యాండ్ క్యారవాన్ కూడా కొన్నాడు. రెండు మంచాలు, చిన్న వంటగది, నీళ్ల ట్యాంకు ఉన్న చక్రాల ఇల్లు అది. ఒక్కో వైపు రెండేసి చొప్పున నాలుగు టైర్లు. అక్కడే వదిలేస్తే దొంగలు పడతారని ప్రతి గురువారం మధ్యాహ్నం దాన్ని బండికి తగిలించి తీసుకుపోయేవాణ్ణి, శనివారం వెనక్కి తెచ్చేవాణ్ణి. బాబా తన స్నేహితులతో వేరే కారులో వెళ్లేవాడు. నేను నడిపే పెద్ద బండిలో మామా, ఆమె అత్తగారు, ముగ్గురు పిల్లలు ఎక్కేవాళ్లు.

క్యారవాన్‌లో సామాన్లతో పాటు ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ కూర్చునేది. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల వాళ్ల ఊరు. నన్ను అన్నా అని పిలిచేది. మొదటి వారం బయల్దేరేటప్పుడే మామా ఆమెతో, "బండి నిండిపోయింది, నువ్వు సామాన్ల దగ్గర కూర్చో" అంది. ఆమె నావైపు ఒకసారి చూసి ఎక్కేసింది.

కదిలే క్యారవాన్‌లో మనుషులు కూర్చోకూడదని నాకు బాగా తెలుసు. అది వెనక నుంచి ఊగుతుంది, గాలికి తూలుతుంది, టైరు పేలిందంటే పక్కకు పడిపోతుంది. అంతా తెలిసి కూడా మామాతో ఒక్క మాట అనలేదు. దానికి బదులు టైర్ల మీద పడ్డాను. లోపల కూర్చున్న ఆమె ప్రాణం ఆ నాలుగు టైర్ల మీద ఉంది, ఆ టైర్లు నా చేతిలో ఉన్నాయి, కాబట్టి ఆమెకేమీ కాదు. నా లెక్క అలా ఉండేది.

మొదటి ఎండాకాలం దాటాక నాకు కొత్త పాఠం తెలిసింది. ఆరు నెలలు క్యారవాన్ పెరట్లో కదలకుండా నిలబడింది. పైన చూస్తే టైర్ల గాడులు ఇంకా కొత్తవాటిలా లోతుగానే ఉన్నాయి. పక్కలు చూస్తే మాత్రం చలికాలపు మడమల్లా సన్నగా పగిలిపోయి ఉన్నాయి. గోరు పెడితే దిగింది. బాబాకు చూపించాను. "ఆరు నెలలు ఇవి తిరగనే లేదు, ఎలా పాడవుతాయి?" అన్నాడు. నిలబడి ఎండిపోయాయన్నాను. ఆయన నవ్వాడు.

"మార్చాల్సిందే అయితే ఏవో పాతవి చూసి వెయ్యి. మోసేది సామానే కదా" అన్నాడు.

నేను వాదించాను. పొద్దున ఆయన కారెక్కే వేళకు గేటు దగ్గర నిలబడి, పాత టైర్లకు నల్ల పాలిష్ కొట్టి అమ్ముతారని చెప్పాను. రెండో రోజు ఇంకో టైరు పగుళ్లు ఫోనులో ఫొటో తీసి చూపించాను. మూడో రోజు, ఇది పేలితే ముందున్న బండిని కూడా లాగేస్తుంది, అందులో పిల్లలుంటారు అన్నాను. ఆ మాటకు ఆయన చెయ్యి ఊపి, "నీ ఇష్టమైనవి కొను, ఖలాస్" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. యజమానితో వాదించి గెలిచిన డ్రైవరు ఖైతాన్ మొత్తంలో నేనొక్కణ్ణే అనుకున్నాను.

అర్దియా షెడ్లలో టైర్లు వేసే షాపులున్నాయి, బన్‌చర్ అంటారు అక్కడ. ఒకదాంట్లో రాయచోటి సాయిబు ఒకాయన పనిచేసేవాడు. టైరును వేళ్లతో నొక్కి దాని జాతకం చెప్పేవాడు. నేను చూపించిన మెరిసే టైర్లను కాలితో పక్కకు తోసేశాడు.

"ఇవి కార్లకు భాయ్. కారుకు మెత్తగా ఉండల్ల. నీ డబ్బాకు పక్కలు గట్టిగుండల్ల, మలుపులో బరువంతా పక్కల మీదనే పడతాది. ఫస్టు పుట్టిన దినం జూడు, ఆమీట రేటు అడుగు."

టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షాపులో కొత్తవిగా కనిపించేవాటిలో కూడా ముసలివి ఉంటాయని అప్పుడే తెలిసింది. మోయగలిగే బరువు ఎంతో కూడా పక్కనే రాసి ఉంటుంది. క్యారవాన్ సొంత బరువుకు సామాన్ల బరువు కలిపి, దానికంటే కొంత ఎక్కువ మోసేవే కొనమన్నాడు.

"లోపల ఏమేముంటాది?" అని అడిగాడు.

"ఫ్రిజ్జు, గ్యాసు, నీళ్లు, పరుపులు" అన్నాను.

"మనుషులు కూసోరు గదా?"

"కూసోరు."

అబద్ధం అంత సులువుగా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అదీ మా వైపు మనిషితో. ఆయన తల ఊపి నాలుగు టైర్లూ, ఒక స్టెప్నీ ఎంచి పక్కన పెట్టాడు.

కొత్త టైర్లతో ఇంటికొచ్చేసరికి ఇంట్లో పనిచేసే ఆమె వంటింట్లోంచి నాలుగు నిమ్మకాయలు కొంగులో పెట్టుకొని వచ్చింది. సలాడు కోసం ఉంచినవి. ఒక్కో టైరు కింద ఒకటి పెట్టి, "తొక్కించన్నా" అంది.

"వీళ్లు చూస్తే నవ్వుతారుమ్మే" అన్నాను.

"నవ్వనీలే. దాని మీద కూసునేది నేను గదా."

క్యారవాన్‌ను రెండడుగులు ముందుకు లాగాను. నాలుగు కాయలూ చితికాయి. ఆమె దండం పెట్టుకుని నేల కడిగేసి పోయింది.

ఆ తర్వాత మూడేళ్లు ఆ టైర్లను నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకుని ఉండరు. ఎండాకాలం వేడి బండల మీద నిలబడకుండా కింద చెక్కలు వేసేవాణ్ణి. ఎండ తగలకుండా పాత దుప్పట్లతో ఆమె తొడుగులు కుట్టి ఇచ్చింది. పదిహేను రోజులకోసారి సగం చుట్టు కదిపేవాణ్ణి. గాలి ఎప్పుడూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిచేవాణ్ణి. ఇసుకలో దిగే ముందు కొంత గాలి తీసేయాలి, లేకపోతే కూరుకుపోతాయి. మళ్లీ తారురోడ్డు ఎక్కే ముందు చిన్న కంప్రెసరుతో నింపాలి, లేకపోతే వేడెక్కి కాలిపోతాయి. నింపాక ప్రతి వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూసేవాణ్ణి. రోడ్డెక్కిన ఇరవై నిమిషాలకు ఎక్కడున్నా సరే బండి ఆపి నాలుగు టైర్లనూ అరచేత్తో తాకి చూసేవాణ్ణి. మామాకు ఆ ఆగడం చిరాకు. పిల్లలు నన్ను టైర్ల డాక్టరు అనేవాళ్లు. ఆ పేరు నాకు లోలోపల నచ్చింది.

నాలుగో చలికాలం చివర, మార్చిలో ఆఖరి ప్రయాణం. శనివారం మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. గుడారం విప్పించడానికి బాబా వెనక ఆగాడు. నేను తారురోడ్డు పక్కన ఆపి గాలి నింపుతున్నాను. మామా కిటికీ దించి యల్లా, యల్లా అని తొందరపెడుతోంది. మూడు వాల్వులకు ఉమ్మి రాసి చూశాను. నాలుగోదానికి చూడకుండానే మూత బిగించి బండెక్కాను. దానిలో ఇసుక రేణువు ఇరుక్కుందని తర్వాత తెలిసింది.

ఇరవై నిమిషాలకు అలవాటు ప్రకారం ఆపాను. దిగగానే కాలిన రబ్బరు వాసన. ఎడమ వైపు వెనక టైరు సగం కూలిపోయి ఉంది. చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాను. దాని బరువు కూడా మోసి ముందు టైరు సైతం వేడెక్కింది. ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తుండగా చప్పుడు వినిపించింది. లోపలి నుంచి ఎవరో రేకును ఇనుముతో బాదుతున్నారు.

తలుపు దగ్గరికి పరుగెత్తాను. బయట గడియ వేసి ఉంది. దారిలో తలుపు తెరుచుకోకుండా ప్రతిసారీ ఆ గడియ వేసేది నేనే. వేసి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి కూడా చూసేవాణ్ణి.

తీశాను. ఆమె కింద, రెండు పరుపుల మధ్య కూర్చుని ఉంది. గ్యాసు సిలిండరు దొర్లకుండా రెండు కాళ్లతో అదిమి పట్టుకుంది. చేతిలో గరిటె. ముఖమంతా చెమట. నాలుగేళ్లలో క్యారవాన్ కదులుతున్నప్పుడు ఆమె లోపల ఎలా కూర్చుంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు, అడగలేదు. ఆమె నన్ను దాటుకుని దిగి, ఇరవై అడుగులు నడిచి ఇసుకలో కూలబడింది.

"వాసనొచ్చి ఎంతసేపాయె తెలుసాన్నా" అంది. "గోడ కొట్టినా, తలుపు కొట్టినా. ఫోను చేస్తే ఎత్తవు. గడియ బయట ఏస్తివి. యాడికి దూకల్ల నేను?"

ఫోను చూశాను. ఏడు మిస్డ్ కాల్స్. బండి నడిపేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టడం కూడా నా నియమాల్లో ఒకటి.

జాకీ పెట్టి చక్రం మార్చడం మొదలుపెట్టాను. ఎన్నోసార్లు చేసిన పనే, నట్లు చేతిలోంచి జారిపోతున్నాయి. ఆఖరి నట్టు బిగిస్తుండగా బాబా కారు వచ్చి ఆగింది. ఏమైందన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నా ఇఖామా ఆయన చేతిలో ఉంది. ఆయన వద్దంటే మర్నాడే విమానం ఎక్కాలి. అయినా నోరు తెరిచాను.

"బాబా, ఈమె క్యారవాన్‌లో కూర్చుంటే నేను బండి తీయను."

ఆయన ఇసుకలో కూర్చున్న ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఈమె అందులో వస్తోందా?"

"నాలుగేళ్లుగా."

"లేష్? ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆయన పెద్ద బండి వెనక తలుపు తెరిచాడు. చివరి వరుసలో, పిల్లవాడి పక్క సీటులో బొగ్గుల బస్తా, దాని మీద కాఫీ పాత్రల పెట్టె ఉన్నాయి. ఆయనే బస్తా ఎత్తి క్యారవాన్‌లో పడేశాడు. ఆయన తెల్లటి పొడుగు అంగీకి, దిష్‌దాషాకు, బొగ్గు అంటింది. పెట్టె కూడా మోసి, సీటు మీద దుమ్ము చేత్తో దులిపి ఆమెను పిలిచాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది. మామా వెనక్కి తిరిగి, "పరుపుల మధ్య పడుకుని హాయిగా వస్తుందనుకున్నాను" అంది. మామా నిజంగానే అలా అనుకుంది, ముఖం చూస్తే తెలిసింది.

ఇల్లు చేరేదాకా మెల్లగా నడిపాను. చివరి వరుసలో ఆమె దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

సాయంత్రం టీ కోసం వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాను. నిజం చెప్పాలంటే టీ కోసం కాదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా బాబాకు ఎదురు నిలబడ్డాను కదా, ఆమె నోట ఒక మంచి మాట వినాలని వెళ్లాను. ఆమె ఇసుక పట్టిన గిన్నెలు తోముతోంది.

"ఇంకమీట నువ్వు బండ్లోనే కూసుంటావులేమ్మే. నేను చెప్పేసినా" అన్నాను.

ఆమె కొళాయి కట్టేసింది. కోపంగా కూడా లేదు.

"రబ్బరు కోసం ఆయప్పతో మూడు దినాలు కొట్లాడితివి గదన్నా. నాకోసం ఈ ఒక్క మాట అప్పుడే అనింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

భయపడ్డాను అని చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను, ఎందుకంటే అది నిజం కాదు. టైర్లు చూసుకుంటున్నంత కాలం ఆమె గురించి మాట్లాడాల్సిన పని నాకు లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.